దప్పులు కాగేదాకా

(హనుమకొండలో ఒక సాయంత్రం సభలో మాట్లాడిన మాటలకు రాతరూపం. తడబాట్లు కొన్ని తీసేశాను, కొన్ని అట్లాగే ఉంచాను.)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు నలభై నిమిషాలు ఇచ్చారు. అసలు గడువు వేరే ఉంది. కిటికీలోంచి పొగ వాసన వస్తున్నది చూశారా? బయట పిల్లలు గడ్డి మంట వేసుకుని, తోలు బిగిసేందుకు దప్పులు కాపుతున్నారు. నా తర్వాత వాళ్లదే కార్యక్రమం. దప్పులు కాగేదాకా నేను మాట్లాడొచ్చు. కాగిన తర్వాత కూడా మాట్లాడితే అవి చల్లారిపోతాయి, పిల్లలు మళ్లీ మంట వేసుకోవాలి. నా ప్రసంగం చల్లారితే ఎవరికీ ఏమీ కాదు.

ఆహ్వానపత్రం మీద నా పేరు కింద "సంగీత, కళా విమర్శకులు" అని వేశారు. అంత పెద్ద మాట వద్దు. నేను వేరే ఉద్యోగం చేసుకుంటూ ఒక పత్రిక జిల్లా పేజీకి ఇరవై ఏళ్లు కచేరీల మీద, నాటకాల మీద, బొమ్మల ప్రదర్శనల మీద రాశాను. వారానికి ఒకటి, మూడొందల మాటలు. ఫొటో పెద్దగా వేస్తే రెండొందలు. రాసినవాటిలో చాలావరకు నాకే గుర్తులేవు. ఒక్కటి మాత్రం ఇప్పటికీ అప్పజెప్పగలను. బాగా రాసినందుకు గుర్తున్నది అనుకోకండి.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. అంతకు ముందు నాలుగేళ్లు మృదంగం నేర్చుకుని ఉన్నాను. నాలుగేళ్ల చదువు చాలా ప్రమాదం. పదేళ్లు నేర్చుకున్నవాడికి తన లోపం తెలుస్తుంది, ఏమీ నేర్చుకోనివాడు నోరు మూసుకుంటాడు. నాలుగేళ్లవాడికి మాత్రం అందరి లోపాలూ తెలుస్తాయి. ఒక టౌన్‌హాల్లో డోలు వాయిస్తూ మల్లన్న కథ పాడి చెప్పే ఒగ్గుకథ పెట్టారు. స్టేజీ, పరదా, మైకులు, గంటసేపు. నన్ను ముందు వరుసలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. నేను రాసింది ఇది: "శ్రుతికి నిలకడ లేదు. చెప్పిందే చెప్పడం విసుగు పుట్టించింది. గొంతులు డోలును మించి అరవడానికే సరిపోయాయి." మా పేజీ చూసే ఆయనకు తెగ నచ్చింది. భుజం తట్టాడు కూడా.

మూడోరోజు ఆ కథకుడు నన్ను వెతుక్కుంటూ మా ఆఫీసుకు వచ్చాడు. నాకంటే పాతికేళ్లు పెద్ద. చేతిలో పేపరు మడత. కొట్లాటకు వచ్చాడనుకుని నాకు టెన్షన్ పట్టుకుంది. ఆయన స్టూలు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, అన్నాడు: "సారూ, మా పోరనితోటి సదివిచ్చుకున్న. మీరు రాసిందాంట్ల అబద్ధం లేదు. గని మీరు యాడ కూసున్నరో అది రాయలె."

నాకు అర్థం కాలేదు. ముందు వరుసలోనే కదా కూర్చున్నాను, నువ్వు చూశావు కదా అన్నాను. ఆయన నవ్వి, "సంకురాత్రికి ఐనోలు రాండ్రి. తెల్లారేదాంక కూసోండ్రి. గప్పుడు తిట్టుండ్రి, పడత" అన్నాడు.

ఐనవోలు మల్లన్న జాతర ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ అప్పటిదాకా నేను పగటి పూట వెళ్లి, దండం పెట్టి, గుడి స్తంభాలు చూసి, బస్సెక్కి వచ్చే రకం. ఆ ఏడు రాత్రి ఉన్నాను. మొదట ఒక కుటుంబం వాళ్లు పట్నం అనే రంగుల ముగ్గు వేయించుకుంటుంటే పక్కన నిలబడ్డాను. నేలమీద అలికి, ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి పిడికిట్లోంచి వదులుతూ గీతలు లాగుతున్నారు. స్కేలు లేదు, దారం లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ఎంత ఉంటే గీత అంత. నాకు ఎగ్జిబిషన్ల అలవాటు కదా, నోటుబుక్కు తీశాను. "సౌష్ఠవం" అని ఒక మాట, "జానపద సౌందర్యం" అని ఇంకో మాట రాసుకున్నాను. నా పక్కన ఒక అవ్వ నిలబడి ఉంది. ఆమె తన కోడలితో అంటోంది: "పోయినేడు గీత గింత సన్నగ వడ్డది. ఈయేడు ఈయిన చెయ్యి వణికింది సూడు, ఆ మూలకు రెండుసార్లు పోసిండు."

నేను వంగి చూశాను. నిజమే, ఆ మూల దగ్గర తెల్లగీత మీద ఇంకో తెల్లగీత పడింది. నా "సౌష్ఠవం" పక్కన పెట్టి చూస్తే ఆ అవ్వ చెప్పింది అసలైన విమర్శ. గీత, చెయ్యి, పోయినేటి గీతతో పోలిక, తప్పు జరిగిన చోటు, అన్నీ అందులో ఉన్నాయి. పైగా తంతు ముగిశాక ఆ పట్నం మీద నడిచి చెరిపేశారు. ఎవరూ అయ్యో అనలేదు. అంతసేపు కష్టపడి వేసిన బొమ్మ పది నిమిషాల్లో మట్టిలో కలిసింది. అప్పటిదాకా నేను చూసిన బొమ్మలన్నీ గోడకు వేలాడేవే. నిలవడమే బొమ్మ ధర్మం అనుకునేవాణ్ణి.

తర్వాత కథ మొదలైంది. చలి. చాపలు, గొంగళ్లు, పిల్లలు, మేకలు. స్టేజీ లేదు, మైకు ఒకటి ఉన్నా అది సగంసేపు పనిచేయలేదు. ఒక గంటకు నాకు అర్థమైంది, నేను "చెప్పిందే చెప్పడం" అని రాసింది ఏమిటో. ఒకావిడ బిడ్డకు పాలిచ్చి పడుకోబెట్టి వస్తుంది. ఒకాయన బండి దగ్గరికి వెళ్లి వస్తాడు. ఒకడు నిద్రపోయి లేస్తాడు. రాత్రంతా నడిచే కథలో మనుషులు వస్తూ పోతూ ఉంటారు. వంత పాడే ఆయన "ఆ... ఏమన్నది కేతమ్మ?" అని అడుగుతాడు, ప్రధాన కథకుడు ఆ మాట మళ్లీ అంటాడు. అప్పుడే వచ్చి కూర్చున్నవాడికి అక్కడ కథ దొరుకుతుంది. టౌన్‌హాల్లో తలుపులు మూసి గంటసేపు కదలకుండా కూర్చున్న నాకు అది విసుగుగా అనిపించింది. ఎందుకంటే నేను ఎక్కడికీ వెళ్లలేదు!

శ్రుతి సంగతీ అంతే. మంచు పడుతున్నకొద్దీ డోలు తోలు వదులవుతుంది, స్థాయి దిగుతుంది. గొంతు దాన్ని కనిపెట్టి దానితోపాటు దిగుతుంది. మళ్లీ బిగించగానే ఎక్కుతుంది. తంబూరా మీటుకుని కూర్చున్నవాడికి అది నిలకడ లేకపోవడం. అక్కడ కూర్చుంటే ఆ గొంతూ ఆ డోలూ ఒకదాన్ని ఒకటి పట్టుకుని నడుస్తున్నట్టు వినిపిస్తుంది. మూడున్నరకు అనుకుంటా, ఆయన తలకు చుట్టిన రుమాలు విప్పి భుజం మీదుగా కొంగులా వేసుకున్నాడు. అంతే, ఆడమనిషి అయిపోయాడు. నడక మారింది, మెడ మారింది. నా పక్కన అదే అవ్వ కళ్లు తుడుచుకుంటోంది. ఆ కథ ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి నీతికథ అవుతుంది. పట్నంబాబుకు కళ్లు తెరుచుకున్నాయి అని. కానీ అసలు విషయం తెల్లవారుజామున జరిగింది. వంత ఆయన అలసిపోయి తొందరపడ్డాడు. ఒక ఘట్టం దాటేసి ముందుకు వెళ్లిపోయారు. జనంలోంచి ఒక పెద్దమనిషి లేచి గట్టిగా అరిచాడు: "ఏయ్, నడుమ ఇడిసిపెట్టినవ్! వెనుకకు పో!" ఇంకో ఇద్దరు అందుకున్నారు. కథకుడు ఒక్కక్షణం ఆగి, దండం పెట్టి, వెనక్కి వెళ్లి, ఆ ఘట్టం మొదటి నుంచీ చెప్పాడు.

నా సమీక్ష కంటే అది ఎంత కఠినమో చూడండి. నేను మూడొందల మాటల్లో చేయలేనిది ఆ పెద్దమనిషి ఒక్క కేకతో చేశాడు. అక్కడి శ్రోతలు దయగా వింటారని, మనలాంటి వాళ్లమే కఠినంగా వింటామని నాకొక నమ్మకం ఉండేది. అది పోయింది. నేను తిట్టడం తప్పుకాదు. తిట్టాల్సింది వదిలేసి, తిట్టకూడనిదాన్ని తిట్టాను.

మరి "ఓపెన్ మైండ్" అంటే అన్నీ బాగున్నాయి అనడమా? ఈ మాట ఇప్పుడు ఎవరిని అడిగినా అట్లాగే చెబుతారు. నాకు ఒప్పుదల లేదు. మన అలంకారశాస్త్రంలో సహృదయుడు అనే మాట ఉంది. అభినవగుప్తుడు దానికి చెప్పిన అర్థంలో ఒక అద్దం వస్తుంది. కావ్యాలను మళ్లీ మళ్లీ చదివి, ఆ అలవాటు వల్ల అద్దంలా తేటపడిన మనసు, వర్ణించినదానితో ఒకటి కాగల మనసు. మనవాళ్లు ఇందులో "ఒకటి కావడం" మాత్రమే పట్టుకుంటారు. నాకు "మళ్లీ మళ్లీ" అన్నది ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ తేటదనం పుట్టుకతో వచ్చేది కాదట, తోమితే వచ్చేదట. కావ్యానికి తోమిన అద్దం ఒగ్గుకథకు పనికొస్తుందన్న హామీ లేదు. దానికి మళ్లీ కూర్చుని తోముకోవాలి. ఐనవోలు చలిలో.

(బయట దప్పు మీద ఒక దెబ్బ.) విన్నారా? ఇంకా మొద్దుగా ఉంది. టైం ఉంది.

ఈ నేల మీద, జనం కళను కూర్చుని చూసి తప్పొప్పులు చెప్పే పని ఏనాడో చేసినవాడు జాయప సేనాని. కాకతీయ రాజు గణపతిదేవుడి బావమరిది, ఏనుగుల సేనకు అధిపతి. 1253 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడు. సంస్కృతంలో, ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు మార్గ పద్ధతికి ఇచ్చాడు, అంటే శాస్త్రం ఒప్పుకున్నదానికి. మిగిలిన నాలుగూ దేశికి, అంటే జనం ఆడేదానికి. సగానికి సగం! ఏనుగుల మీద తిరిగే మనిషి, రాజుకు చుట్టం, ఆయన ఊళ్లలో జనం ఆడే ఆటలను కూర్చుని చూశాడు. చూసి "ఆహా" అని ఊరుకోలేదు. ఈ ఆటకు అడుగు ఇట్లా పడాలి, వాద్యం ఇది ఉండాలి, ఇట్లా చేస్తే దోషం అని రాశాడు. దేశికి నియమం ఉందని ఒప్పుకోవడం దానికి ఇవ్వగల పెద్ద మర్యాద. నియమం ఉన్నచోటే తప్పు ఉంటుంది, తప్పు ఉన్నచోటే విమర్శకు పని ఉంటుంది.

ఆ గ్రంథాన్నీ రామప్ప శిల్పాలనూ ముందు పెట్టుకుని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు. అది అసలు కాకతీయుల నాటి పేరిణేనా అని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. శిల్పంలో ఒక భంగిమ కనిపిస్తుంది, ఆ భంగిమ నుంచి తర్వాతి భంగిమకు ఎట్లా వెళ్లారో రాయి చెప్పదు. ఆ మధ్య నడక ఇప్పటి మనుషులు కట్టిందే. అయితే ఏం? ఇప్పటి నాట్యంగా చూసి, పిల్లవాడి పాదం నేలను తాకడం, మద్దెల దాన్ని అందుకోవడం చూడండి. పాతదా కాదా అన్న ఒక్క గొడవలో పడి ఎదుట ఆడుతున్నవాణ్ణి చూడకుండా ఇంటికి వచ్చినవాళ్లు నాకు తెలుసు. రామప్ప అన్నాను కాబట్టి ఒక మాట. 1213లో కట్టిన గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మనకు ఇంకాస్త అందంగా కనబడుతున్నది, అవునా? నాకూ అట్లాగే కనబడింది. సిగ్గుగానే చెబుతున్నాను.

పాల్కురికి సోమన గురించి ఈ హాల్లో మాట్లాడితే దెబ్బలాట అవుతుంది, సగంమంది పాలకుర్తి వైపు వాళ్లే ఉన్నట్టున్నారు. ఒక్క సంగతి చెప్పి దాటేస్తాను. ఆయన ద్విపదను ఎత్తుకున్నాడు, రెండేసి పాదాలుగా జనం పాడుకునే నడకను. తర్వాత ద్విపదను పండితులు ఎంత చులకన చేశారంటే, దాన్ని తిట్టే ఒక చాటుపద్యం ఉంది, అందులోని మాట ఆడవాళ్లున్న సభలోనే కాదు, మగవాళ్లున్న సభలో కూడా నేను చెప్పలేను. అదే సోమన పండితారాధ్య చరిత్రలో జనం పాడే పదాల పేర్లు వరసగా ఎక్కించాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, నివాళి పదాలు. ఆయన విన్న ఆనాటి పాటలు చాలావరకు మనకు మిగల్లేదు. పేర్లయినా మిగిలింది ఆయన చెవి తెరిచి పెట్టుకోవడం వల్ల.

చెవి మూసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. తెలంగాణలో కవులు లేరని ఒకాయన రాశాడు. దానికి సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. 354 మంది కవులు. తిట్టుకు తిట్టు పెట్టలేదు, లెక్క పెట్టాడు. ఇది మన ప్రతి సభలో చెప్పుకునే కథే, చప్పట్లు కూడా వస్తాయి. నాకు మాత్రం ఈమధ్య ఇంకో ప్రశ్న వస్తున్నది. ఆ గాయం తిన్న మనమే, మన ఊరి చివర చిందు భాగోతం ఆడేవాళ్లను కళాకారుల లెక్కలో ఎప్పుడు వేశాం? చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చాక పేపర్లన్నీ రాశాయి. అంతకు ముందు యాభై ఏళ్లు ఆయన ఆడుతూనే ఉన్నారు కదా. నేను జిల్లా పేజీలో ఇరవై ఏళ్లు రాశాను. చిందు మీద ఎన్నిసార్లు రాశానో మొన్న ఈ సభ కోసం పాత కటింగులు తీసి చూసుకున్నాను. రెండు. అందులో ఒకటి మంత్రిగారు వచ్చారని.

హార్మోనియం సంగతి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో మూర్ఖులు ఎవరూ లేరు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. ముప్ఫై ఏళ్లు! అప్పటికే దేశంలో సగంమంది గాయకుల పక్కన ఉన్న పెట్టె అది. మన పద్యనాటకం హార్మోనియం మాస్టారు లేకుండా తెర తీయదు. మరి ఎందుకు నిషేధించారు? కారణం చాలా సబబైనది. మన రాగంలో స్వరం ఒకచోట నిలబడి ఉండదు, ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది, దాన్నే గమకం అంటాం. హార్మోనియంలో మెట్టు నొక్కితే ఒకే స్వరం, మెట్టుకూ మెట్టుకూ మధ్య దారి లేదు. పైగా ఆ మెట్ల అమరిక పాశ్చాత్యుల లెక్క. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఆ కథకుడు నాతో అన్నట్టే, రాసిందాంట్లో అబద్ధం లేదు.

కానీ గమకం పలకదు అని చెప్పడం ఒకటి, కాబట్టి ఎవరూ వినకూడదు అని తీర్పు ఇవ్వడం ఇంకొకటి. నాటకంలో పద్యం చివర రాగం తీసినప్పుడు హార్మోనియం చేసే పని గమకం పలికించడం కాదు. నటుడు ఊపిరి తీసుకునే చోట ఆ స్వరం కింద పడిపోకుండా పట్టుకుని ఉంటుంది. ఊరి మైదానంలో చివరి వరసదాకా శ్రుతిని మోస్తుంది. ఆ పని వీణ చేయలేదు. ఏ పని కోసం పుట్టిందో అడగకుండా, చేయలేని పని చూపించి బయటకు పంపారు.

అదే సమయంలో వయోలిన్ దర్జాగా లోపల కూర్చుంది. అది కూడా బయటి నుంచి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ దగ్గర నేర్చుకుని మన సంగీతానికి తెచ్చాడు. మెట్లు లేవు కాబట్టి వేలు జారుతుంది, గమకం పలుకుతుంది. సరే, న్యాయమే. మరి మాండలిన్‌కు మెట్లు ఉన్నాయి, మీటిన నాదం నిలవదు. పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ దాన్ని ఎలక్ట్రిక్ చేసుకుని, తీగలు తనకు కావలసినట్టు మార్చుకుని వాయించేసరికి, ఇది కర్ణాటక సంగీతానికి పనికిరాదని చెప్పినవాళ్లు తర్వాత అతని కచేరీలకు ముందు వరుసలో కూర్చున్నారు. వాయిద్యానికి ఏది వచ్చో ఏది రాదో శాస్త్రం ముందే చెప్పలేదు. వాయించేవాడు వచ్చి చెప్పాలి. అప్పటిదాకా తలుపు గడియ వేయకుండా ఉంచడమే మన వంతు.

సినిమా పాటకు కూడా ఇదే జరిగింది. 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక సినిమా పాటలు ఆలిండియా రేడియోలో అడుగంటాయి. జనం ఏం చేశారు? మనసు మారిపోయి త్యాగరాజ కీర్తనలు విన్నారా? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. 1957 అక్టోబర్ 3న వివిధభారతి పెట్టక తప్పలేదు.

చెర్యాల బొమ్మల దగ్గరికి వద్దాం. ఒకసారి గ్యాలరీలో చూశాను, గాజు చట్రంలో, ఒక్క గడి మాత్రం కోసి పెట్టినట్టు. పక్కన ఒక కుర్రాడు, ఆర్ట్ చదువుతున్నాడట, "ముఖాలన్నీ ఒకే అచ్చు సార్, దూరం దగ్గర తేడా లేదు, వెనకంతా ఎరుపు" అన్నాడు. నేను అతణ్ణి ఏమీ అనలేదు. అతనిలో ఇరవై ఎనిమిదేళ్ల మనిషి ఒకడు కనిపించాడు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులు దాటే పొడవు ఉండే పటం అది. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి, ఆరబెట్టి, దానిమీద వేసేది. కాకిపడగల వాళ్లు ముదిరాజుల ఇళ్ల ముందు, కూనపులి వాళ్లు పద్మశాలీల ఇళ్ల ముందు దాన్ని చుట్ట విప్పుతూ, ఒక్కో గడి మీద కర్ర పెట్టి చూపిస్తూ, కథ పాడేవారు. రాత్రిపూట, దీపం వెలుగులో, జనం వెనక కూర్చున్న ముసలాయనకు అది కనబడాలి. అంతదూరం నుంచి ముఖంలో సన్నటి భావం ఎవడికి కనబడుతుంది? రంగును బట్టి, కిరీటాన్ని బట్టి ఇతను ఫలానా అని తెలియాలి. ఎరుపు వెనకుంటే మనిషి ముందుకు వస్తాడు. ముఖంలో ఉండాల్సిన భావం పాడేవాడి గొంతులో ఉంటుంది. గాజు చట్రంలో బొమ్మ ఉంది, గొంతు లేదు.

అయితే ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాక అతను ఒక మాట అన్నాడు. "సరే సార్, మరి ఇప్పుడు డ్రాయింగ్‌రూం కోసం వేస్తున్నారు కదా, పాడేవాడు లేడని తెలిసి వేస్తున్నారు కదా. ఇప్పటి బొమ్మను ఎట్లా చూడాలి?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ సరిగా లేదు. అతను నాకంటే మంచి ప్రశ్న వేశాడు.

ఇందులో ఇంకో జబ్బు ఉంది, ఇది నాకు ఐనవోలు తర్వాత పట్టుకుంది. కనిపించిన ప్రతి జానపద కళనూ పొగడటం. "మట్టి వాసన", "మన మూలాలు", "అద్భుతం". ఐదారేళ్లు ఇవే రాశాను. ఒకసారి ప్రభుత్వ ఉత్సవంలో ఒగ్గుడోలు బృందానికి ఆరు నిమిషాలు ఇచ్చారు. మనిషి మీద మనిషి ఎక్కి పిరమిడ్ కట్టారు, విసిరారు, చప్పట్లు కొట్టించుకున్నారు. నేను "అద్భుతం" అని రాశాను. మా పాత కథకుడు బస్టాండులో కలిసి, "సారూ, గా పోరగాళ్లు దెబ్బ తప్పిండ్రు, రెండుసార్లు. మీరు ఇనలేదా?" అన్నాడు. నేను వినలేదు. చూడనే లేదు సరిగా. మొదటిసారి నేను ఆయన్ను తక్కువ చేసి వినలేదు, ఈసారి ఎక్కువ చేసి వినలేదు. ఆయనకు రెండూ ఒకటే. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

డీజే పాటల గురించి అడుగుతారని తెలుసు. ముందే చెబుతాను, నాకు పడవు. పోయిన ఏడు బతుకమ్మకు మా వీధిలో బాక్సులు పెట్టారు. మా తమ్ముడి మనవడు ఆ పాటలు మిక్స్ చేస్తాడు. నాకు ఫోన్‌లో వినిపించాడు. నేను మొహం అటు తిప్పాను. వాడు, "తాతా, ఫోన్ స్పీకర్‌ల ఏం ఇనొస్తది? బాక్సుల ముంగట నిలవడు" అన్నాడు.

చూశారా, మళ్లీ అదే మాట. యాడ కూసున్నవ్ అని.

వెళ్లి నిలబడ్డాను. గుండె దడదడలాడింది, అది వయసు వల్ల కూడా. రెండు పాటల తర్వాత ఒకటి పట్టుకున్నాను. కంప్యూటర్ బీటు కింద వీడు మన దప్పు దరువును విడిగా పెట్టాడు, అదీ మూడో ఆవర్తానికి ఒకసారి తీసేస్తున్నాడు. తీసేసిన చోట ఆడవాళ్ల చప్పట్లు వచ్చి ఆ ఖాళీలో పడుతున్నాయి. ఆ చప్పట్లు పాటలో లేవు, వీధిలో ఉన్నాయి. వాళ్ల కోసమే ఖాళీ ఉంచాడు! ఇది తెలిసి చేశావా అని అడిగితే "మరి?" అన్నాడు. సరే. కానీ గొంతును ఆటోట్యూన్‌లో పెట్టి ఇస్త్రీ చేశాడు. మన ఆడవాళ్లు చరణం చివర స్వరాన్ని కిందికి సాగదీస్తారు కదా, ఆ సాగు మొత్తం పోయింది, మెట్లుమెట్లుగా దిగుతోంది. హార్మోనియం మీద వచ్చిన ఫిర్యాదే, వందేళ్లకు దగ్గరపడుతున్నా అదే ఫిర్యాదు. వాడికి చెప్పాను. గంటసేపు కొట్లాడాడు. ఆ తర్వాత ఒక్క చరణానికి మాత్రం దాన్ని తీసేసి మళ్లీ వినిపించాడు. నాకు ఆ పాట ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. ఆ ఒక్క చరణం బాగుంది.

నాకు రానివి ఇంకా ఉన్నాయి. ఫ్యూజన్ కచేరీ అంటే ఇప్పటికీ నా చెవి ముడుచుకుంటుంది. డ్రమ్స్ పక్కన ఘటం పెట్టినప్పుడల్లా ఘటం వైపు జాలిగా చూస్తాను. నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ అంతే. అందుకని వాటి మీద రాయడం మానేశాను. ఆ కుర్చీ నాకంటే చిన్నవాళ్లది. ఇది పెద్దమనసు అనుకోకండి, ఓటమి.

మృదంగం నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు తొప్పికి, అంటే ఎడమ మొహానికి, రవ్వ ముద్ద తడిపి పెట్టి, అంచు మీద రాయితో తట్టి, శ్రుతి చేసేవారు. అరగంట పట్టేది. దాన్ని నేను సాధన అనుకునేవాణ్ణి. దప్పు పిల్లలు మంట చుట్టూ కూర్చుంటే బీడీ కాల్చుకోవడానికి కూర్చున్నారని అనుకునేవాణ్ణి. ఒకటి తడితో శ్రుతికి వస్తుంది, ఒకటి సెగతో. సెగ ఎక్కువైతే మేకతోలు పగులుతుంది, తక్కువైతే పలకదు. ఎంత దూరంలో పట్టుకోవాలో, ఎప్పుడు తిప్పాలో వాళ్ల అరచేతికి తెలుసు. ఇందాక రెండుసార్లు కొట్టి చూశారు. మీరు వినే ఉంటారు, రెండోది మొదటిదాని కంటే...

(బయట దప్పు, గట్టిగా, వరసగా నాలుగు దెబ్బలు.)

ఆ. కంగుమంది. కాగింది. తమ్ముడూ, వాళ్లను లోపలికి పిలువు, చల్లారనీయకు. కుర్చీలు కొంచెం వెనక్కి జరపండి, వాళ్లకు తిరగడానికి జాగా కావాలి. ముందు వరుసలో నాకు వేసిన కుర్చీ ఎవరైనా తీసుకోండి. నేను ఆ తలుపు దగ్గర, నేలమీద కూర్చున్న పిల్లల పక్కన కూర్చుంటాను. కాస్త జరుగు బిడ్డా.